వెనక హీటరు కోసేసి తుంగభద్రకు

తుంగభద్రను చూడనివాళ్ళు మా వైపు ఇంకా చాలామందే ఉన్నారు. వాళ్ళ కోసం చెప్తున్నాను. నాకు చేవ్రాలు వరకే వచ్చు. నేను చెప్తుంటే మా మరిది కూతురు రాసింది. రెండు మూడు చోట్ల "పెద్దమ్మా, ఇది కూడా రాయాలా?" అని ఆగింది. రాయమన్నాను.

రాయచెర్లు, కోడి కూసే వేళ

మా ఇంటి దేవుడు వెదురు పెట్టెలో ఉంటాడు. మూడేళ్ళకు ఒకసారి తుంగభద్రకు పోయి స్నానం చేసి వస్తాడు. మా మామ చిన్నతనంలో గొర్రెల మందతో పాటు నడిచి తీసుకుపోయేవాళ్ళట. ఇప్పుడు మందలు చిక్కిపోయాయి, మేత నేలలు సోలార్ పలకల కిందికి పోయాయి. దేవుడు బండి ఎక్కాడు. ఎక్కాక ఆయన కట్టుబాట్లు సడలలేదు, ఇంకా బిగిశాయి. ఇంట్లోంచి ఎత్తిన పెట్టె నీళ్ళు చూసేదాకా నేల తాకకూడదు, మనిషి ఒళ్ళో తప్ప ఎక్కడా కూర్చోకూడదు. ఏ బండిలో ఎక్కితే ఆ బండిలోంచే దిగాలి. అదే రోజు పొద్దు మునిగేలోగా నీళ్ళు చూడాలి. ఇందులో ఏది తప్పినా దేవుణ్ణి వెనక్కి తెచ్చి మళ్ళీ మూడేళ్ళు ఆగాలి.

మా మామ సిద్దప్పకు ఎనభై దాటాయి. ఇంకో మూడేళ్ళని లెక్కేసే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు, అందరికంటే మామకే లేదు.

ఇంకో కట్టు కూడా ఉంది. మొగుడు పోయిన ఆడది ఆ పెట్టెను ముట్టకూడదు. అంటే నేను.

అయినా నేను వెళ్ళాను, ఎందుకంటే బండి నాది. నా మొగుడు నాగరాజు కొన్నది. సోలార్ పార్కులో ఇంజినీర్లను తిప్పడానికని, మంచు పడే కొండల వైపు తిరిగిన పాత బండిని ఎవరి దగ్గరో కొని తెచ్చాడు. అక్కడి చలికి తగ్గట్టు దానికి రెండు హీటర్లు. ఒకటి ముందు, ఇంకొకటి వెనక సీటు కింద. ఊరంతా నవ్వింది. "పావగడలో హీటరా నాగప్పా? ఎండలో నిలిపితే దాని నెత్తిన దోసె పొయ్యొచ్చు కదప్పా!" అన్నారు.  చలికాలం వచ్చింది. ఆయన పలకల మధ్య పుట్టిన గొర్రెపిల్లలను తడి తడిగా తెచ్చి వెనక హీటరు ముందు గోనె మీద పడుకోబెట్టాడు. మీట తిప్పితే సీటు కింద నుంచి వెచ్చటి గాలి వచ్చేది. పిల్లలు ఆరేదాకా నేనూ అక్కడే కూర్చునేదాన్ని. ఆ గాలిలో ఉన్ని వాసన, పాల వాసన, ఆయన బీడీ వాసన. ఆయన పోయి రెండేళ్ళు. ఆ మీటను మళ్ళీ ఎవరూ తిప్పలేదు.

ఇంకొకటి ఇక్కడే చెప్పాలి. ప్రయాణానికి వారం ముందు బండి కింద తడి చూశాను. ఇంజనులో తిరిగే నీళ్ళు చుక్క చుక్కగా కారుతున్నాయి. అలా కారితే రేడియేటరులో గుప్పెడు పసుపు వెయ్యాలని ఆయన అనేవాడు. ఆ వారం ఇంట్లో ఉన్న పసుపంతా దేవుడి పేరున దంచి మూట కట్టి ఉంది. దాన్ని నేను ముట్టకూడదు. అందుకని రెండు గుప్పిళ్ళ రాగిపిండి పోశాను. మర్నాటికి కారడం ఆగిపోయింది. పసుపు పని రాగి చేసిందని మురిసిపోయి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాను.

పలకల మధ్య దారి

బంధువులంతా ముందు రోజే లారీలో పోయి ఏటి ఒడ్డున పొయ్యిలు పెట్టుకున్నారు. బండిలో మేం ముగ్గురమే. నా మరిది ఈరన్న తోలుతున్నాడు. వెనక సీటులో ఒళ్ళో పెట్టెతో మామ, ఆయన పక్కన మూరెడు దూరంలో నేను, మాత్రలు, నీళ్ళ సీసా, కంబళి చూసుకోవడానికి.

మాఘ మాసం. పలకల మీద మంచు పట్టి ఉంది. మా వైపు చెరువులు నిండి ఎన్నాళ్ళయిందో. తెల్లారుజామున మాత్రం ఆ పలకలన్నీ కలిసి ఒక పెద్ద చెరువులా కనబడతాయి. అలలు లేని నల్లటి చెరువు. దాని నడుమ దారిలో మా బండి పడవలా పోతోంది. మామ మోకాళ్ళు చలికి వణుకుతున్నాయి. ఒళ్ళో దేవుడి పెట్టె టకటకా కొట్టుకుంటోంది.

నేను వంగి వెనక మీట తిప్పాను.

ముందు దుమ్ము వచ్చింది. తర్వాత గాలి వచ్చింది, వెచ్చగా, రెండేళ్ళు ఎక్కడో దాక్కుని ఇప్పుడు లేచి వచ్చినట్టు. అందులో ఉన్ని వాసన ఇంకా ఉంది. నాకు కళ్ళు మూతలు పడ్డాయి. నిద్రా కాదు, మెలకువా కాదు. కాళ్ళ దగ్గర తడి పిల్ల ఒకటి మెదిలినట్టు, ఎవరో తలుపు తీసి "ఇంకోటి ఉండాది, జరుగు" అన్నట్టు ఉంది. జరిగాను కూడా. అవతల మామ ఉన్నాడని గుర్తొచ్చి మళ్ళీ ఇవతలికి జరిగాను.

కళ్ళు తెరిచేసరికి బండి నిండా తియ్యటి వాసన. బెల్లం పాకంలా, పండిన పండులా. వెనక అద్దాల నిండా ఆవిరి. బయటి లోకం కనిపించడం లేదు.

మామ ముందు సీటు వైపు వంగాడు. "ఈరన్నా, వాసన వస్తా ఉండాదా?"

"వస్తా ఉండాది నాయనా. ఏందది?"

"దేవుడు ఊపిరి తీస్తా ఉండాడురా. మా నాయన చెప్పినాడు, ఎప్పుడో ఒకసారి ఇట్లయితాదని. నేను చూడకుండానే పోతానేమో అనుకొంటి."

ఈరన్న ఒక చెయ్యి స్టీరింగు మీద పెట్టి ఇంకో చేత్తో లెంపలేసుకున్నాడు. నేనూ ఏడ్చాను. నేను తిప్పిన మీటతోనే దేవుడు మేలుకున్నాడని నా లోపల ఒక పొగరు కూడా లేచింది. కల్యాణదుర్గం దాటి చాలా దూరం దాకా మేం ముగ్గురం ఆ తియ్యటి మబ్బులో తేలుతూ పోయాం.

రాయదుర్గం పొలిమేర, ఉగ్గాని అంగడి

రాయదుర్గం ఇంకా కొంచెం దూరం ఉందనగా ముందు నుంచి పొగ లేచింది. ఈరన్న బండిని పక్కకు తీశాడు. వేడి చూపించే ముల్లు పైకి పోయి ఎర్రగీత మీద కూర్చుంది.

దారి పక్కన ఉగ్గాని అమ్మే ఆమె ఉంది, పేరు ఓబులమ్మ. మా దగ్గర పొద్దున రాగి సంగటి ముద్ద లేదా ఇడ్లీ. అక్కడ నానేసిన బొరుగులు తాళింపు పెట్టి పైన పప్పుల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు ఇస్తారు. ప్లేటు నలభై. మా పావగడ కంటే పది ఎక్కువే. కానీ ఆ బజ్జీ తిన్నాక ఆ పది రూపాయలు అడగబుద్ధి కాదు. ఆమె పొగ చూసి గరిటె ఎత్తింది.

"బండి ఉడుకుతా ఉండాది కదప్పా! అదో, ఆ రేకుల కొట్టం చూడు, మస్తాన్ ఉంటాడు. నెమ్మదిగా తోసుకోని పోండి. తాతను దించితే తేలికయితాది కదా?"

"తాత దిగడు" అన్నాడు ఈరన్న. "తాత ఒళ్ళో దేవుడుండాడు."

"అయితే ఇద్దర్నీ తొయ్యండి" అని ఆమె కూడా వచ్చి ఒక చెయ్యి వేసింది.

మస్తాన్‌కు యాభై ఏళ్ళుంటాయి. గడ్డం నెరిసింది. మాట తక్కువ, ఊ కొట్టడం ఎక్కువ. రేడియేటరు మూత తియ్యబోయిన ఈరన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. "చల్లారనీప్పా. ఇప్పుడు తీస్తే మొగం ఉడుకుతాది." వెనక తలుపు తీసి వాసన చూశాడు. కింద పరిచిన పట్టాను వేలితో నొక్కి ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

మామ మురిపెంగా అడిగాడు. "తెలిసిందా మస్తానయ్యా, ఏం వాసనో?"

"తెలిసింది తాతా. కూలెంటు. ఇంజను నీళ్ళలో కలిపే పచ్చ మందు. వెనక హీటరు పగిలి లోపలికి కారిండాది. ఆవిరి అద్దాలకు పట్టిండాది."

 మామ పెట్టెను ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాడు. ఆయన ముఖం చూడలేక నేను ఓబులమ్మ బాండలి వైపు చూశాను.

సంగటి బయటపడడం

బండి చల్లారడానికి గంట పట్టింది. పొద్దు తొందరగా పైకి పోతోంది. ఏటి ఒడ్డు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "యాడ ఉండారప్పా? పొయ్యిలు ఆరిపోతా ఉండాయి!" ఈరన్న "వస్తా ఉండాము" అని చెప్పి పెట్టేస్తున్నాడు.

వేరే జీపు మాట్లాడతానన్నాడు మస్తాన్. మామ తల అడ్డంగా ఊపాడు. "ఎక్కిన బండిలోనుంచే దిగాల."

మస్తాన్ బండి కిందికి దూరి, వెనక్కి పోయే రెండు గొట్టాల్లో ఒకటి ఊడదీశాడు. ఏమీ రాలేదు. ఊది చూశాడు, పుల్ల పెట్టి కెలికాడు. అప్పుడు బొళుక్కుమని ముదురు ఎర్ర ముద్ద ఒకటి జారి అతని ఛాతీ మీద పడింది. వెనక ఇంకోటి. 

మస్తాన్ బయటికి పాకి వచ్చి ఆ ముద్దను అరచేతిలో పట్టుకుని చూశాడు. వాసన చూశాడు. ఇంకొంచెం సేపుంటే నాలుక మీద కూడా పెట్టుకునేవాడే.

"ఇరవై ఐదేళ్ళ నుంచి బండ్లు చూస్తా ఉండా. ఇది సంగటి."

ఓబులమ్మ పరుగెత్తి వచ్చింది. "ఏదీ, చూడనీ! అవునప్పా, సంగటే! బాగా ఉడికిండాది కూడా. నంజుకోను ఊరిబిండి కావాలా?"

"ఎవరు పోసినారు?" అన్నాడు మస్తాన్.

ఈరన్న వైపు చూశారు. ఈరన్న ఆకాశం వైపు చూశాడు. నా గొంతు మామూలుగానే బొంగురు. ఆ వేళ ఇంకా బొంగురుగా వచ్చింది.

"నేనే. రెండు గుప్పిళ్ళు."

"ఎందుకక్కా?"

"పసుపు వెయ్యాలని మా ఆయన చెప్పేవాడు. ఉన్న పసుపు దేవుడిది. నేను ముట్టకూడదు. అందుకని…" రెండేళ్ళుగా తిప్పని వెనక మీటను పొద్దున తిప్పానని కూడా చెప్పాను.

"పిండి పోయి వెనక హీటరులో కూర్చునిండాదక్కా. రెండేళ్ళు పలకరించే దిక్కు లేని చోటు కదా, ఆడ నీళ్ళ జోరు తక్కువ. ఈ పొద్దు నువ్వు మీట తిప్పినావు. ఉడుకు నీళ్ళు తోసుకోనొచ్చినాయి, పోయే దారి లేక గొట్టం పగిలింది."

ఈరన్న అరిచాడు. "ఒక మాట చెప్పకూడదా వదినా! మూడేళ్ళు! నాయన ఇంకో మూడేళ్ళు…" అంతలో మామ వింటున్నాడని నాలుక్కరుచుకున్నాడు.

మామ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

గొట్టం తిప్పడం

"బైపాస్ కొడదాం" అన్నాడు మస్తాన్.

"అదేందది, ఊరి బయట రోడ్డు కాదూ?" అన్నాడు మామ.

"అదే తాతా. ఊళ్ళోకి పోకుండా బయట నుంచే మళ్ళుకునే దారి. ఇంజను కాడ నుంచి వెనక్కి రెండు గొట్టాలు పోతా ఉండాయి. ఒకదాంట్లో ఉడుకు నీళ్ళు పోతాయి, ఇంకోదాంట్లో తిరిగి వస్తాయి. ఆ రెండింటినీ ముందే కోసి, లాడం మాదిరి వంగిన రబ్బరు ముక్కతో కలిపేస్తాను. నీళ్ళు వెనక దాకా పోకుండా ఆడే మళ్ళుకుంటాయి. ముందు రేడియేటరు నాలుగు తూర్లు కడగాల. ఇంకా ఎంత సంగటి ఉండాదో."

రబ్బరు గొట్టానికి, క్లిప్పులకు, పచ్చ మందుకు ఈరన్న మస్తాన్ బండేసుకుని రాయదుర్గం పోయాడు. మస్తాన్ కత్తి తీశాడు. నేను దగ్గరికి పోయి అడిగాను.

"మళ్ళీ ఎప్పుడన్నా కలపొచ్చునా?"

"కొత్త హీటరు తెచ్చుకుంటే కలపొచ్చు. ఈ ఎండల సీమలో ఎందుకక్కా నీకు?"

"గొర్రెపిల్లలకు. తడిపిల్లలను ఆరబెట్టేవాడు మా ఆయన."

మస్తాన్ చేతిలో కత్తి ఆగింది. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఎన్ని బతికినాయక్కా?" అని అడిగాడు.

"అన్నీ."

ఊ అన్నాడు. ఆ తర్వాతే కోశాడు. గొట్టంలో మిగిలిన నీళ్ళు మట్టిలో పడ్డాయి. గోరువెచ్చగా ఉంటాయేమోనని చెయ్యి పెట్టాను. అప్పటికే చల్లారాయి.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. మామ పొద్దున్నుంచి ఉగ్గబట్టుకుని ఉన్నాడు. సీటులో ఇటు కదిలాడు, అటు కదిలాడు.

"తాతా, ఒంటికా?" అన్నాడు మస్తాన్.

"ఈరన్న వచ్చేదాకా ఆగుతా."

"గంట పడుతుంది తాతా. నా చేతికియ్యి పెట్టె" అని చేతులు చాపాడు. మోచేతుల దాకా నల్లటి నూనె, మధ్యలో రాగి. మామ ఆ చేతులు చూశాడు. ఓబులమ్మ వైపు చూశాడు. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "నేను బయటుండాను సామీ ఈ మూడు దినాలు. పాపం నాకొద్దు."

ఇంక చుట్టూ నేలే ఉంది. నేల, నేను.

మామ కళ్ళు మూసుకున్నాడు. ఆయన పెదాలు కదిలాయి. దేవుణ్ణి అడిగాడో, నాగరాజును అడిగాడో, నాకు తెలీదు. అడగను కూడా. కళ్ళు తెరిచి కసురుకున్నాడు.

"చూస్తావేంది? కొంగు పరిచి కూచోమ్మా. నాతో కాదింక!"

కూర్చున్నాను. నా ఒళ్ళో పెట్టాడు. ఇరవై రెండేళ్ళు ఆ ఇంట్లో కాపురం చేశాను. ఆ పెట్టె బరువెంతో నాకు తెలీదు. పెద్ద బరువేం కాదు. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లంత ఉంటుంది. వెదురు సందుల్లోంచి సాంబ్రాణి వాసన. ఎండ, ఈగలు, బజ్జీల చిటచిట, మస్తాన్ నీళ్ళు పోసి కడుగుతున్న చప్పుడు, అన్నీ దూరంగా పోయాయి. నేను ఊపిరి గట్టిగా తీస్తే దేవుడికి తగులుతుందేమోనని మెల్లగా తీశాను.

మామ తిరిగొచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. నేను పెట్టె అందివ్వబోయాను. "ఉండనీ, నా మోకాళ్ళు పట్టేసినాయి" అన్నాడు.

బళ్ళారి పక్కగా

గొట్టం కలిపి, మందు పోసి, మూత తీసి పెట్టి ఇంజను ఆన్ చేశాడు మస్తాన్. లోపలి గాలి బుడగలన్నీ బుసబుసా వచ్చి పోయేదాకా నిలబడి చూశాడు. ముల్లు సగంలో నిలిచింది. అప్పుడు ఊ అన్నాడు. డబ్బులిస్తే సామానుకు మాత్రం తీసుకున్నాడు. "పోయేటప్పుడు ముల్లు చూడండి. వచ్చేటప్పుడు ఒక మాట చెప్పి పోండి" అన్నాడు.

రెండున్నర దాటింది. మామ వెనకే కూర్చున్నాడు. రెండుసార్లు పెట్టె ఇవ్వబోయాను. రెండుసార్లూ నిద్రపోతున్నాడు. నిద్రపోయేవాడి బొటనవేలు అంత జోరుగా ఆడుతుందా?

బళ్ళారి పక్కన జొన్నరొట్టెలు అమ్ముతున్నారు. అప్పడాల్లా పేర్చి పెడతారు, నెల రోజులున్నా చెడవంటారు. మా సంగటి పూట దాటితే పుల్లబడుతుంది. ఈరన్న కొని తెచ్చాడు. నా చేతులు పెట్టె మీద ఉన్నాయి. నిద్రపోతున్న మామ లేచి, సీసా మూత తీసి నా నోటికి నీళ్ళెత్తి పోశాడు. కోడలికి మామ నీళ్ళు పొయ్యడం మా ఇళ్ళలో లేదు. ఆయన కిటికీ వైపు చూస్తూ పోశాడు. సగం నా మెడ మీద పడ్డాయి. పోసి, మళ్ళీ నిద్రపోయాడు.

తర్వాత వరి పొలాలు మొదలయ్యాయి. అంత పచ్చదనం చూసి నా కళ్ళు నమ్మలేదు. మా ఊళ్ళో నీళ్ళలా కనబడేది పలక. ఇక్కడ నేలలా కనబడేది నీళ్ళు. పొద్దు ఎర్రబడింది. మా ముగ్గురి కళ్ళూ ముల్లు మీద ఒకసారి, పొద్దు మీద ఒకసారి.

కంపిలి దగ్గర, ఏరు

బండి ఇసుక దాకా దిగి ఆగేసరికి పొద్దు బెత్తెడు మిగిలి ఉంది. బంధువులు డప్పులతో ఎదురొచ్చారు. తలుపు తెరిచారు. డప్పులు ఆగిపోయాయి.

మా మామ చెల్లెలు హనుమక్క నోరు ఎవరికీ తగ్గదు. "ఏం పని చేసినావు అన్నా! మొగుడు పోయినదాని ఒళ్ళోనా దేవుడు?"

మామ నెమ్మదిగా కాళ్ళు బయట పెట్టాడు.

"బండి నిలిచిపోయింది. నా చేతులు నిలవలేదు. నేల మీద పెట్టమంటావా?"

"అట్ల కాదు, ఇప్పుడన్నా తీసుకో…"

"ఎవరి ఒళ్ళో వస్తే వాళ్ళే నీళ్ళలో దించాల. మన నాయన కాలం నుంచి అంతే కదా. మరిచినావా? పొద్దు పోతా ఉండాది, పక్కకు జరుగు." నా వైపు చూడకుండానే అన్నాడు. "దిగుమ్మా."

చెప్పులు వదిలి నడిచాను. ఇసుక ఇంకా వెచ్చగా ఉంది. నీళ్ళు చల్లగా పాదాలు పట్టుకున్నాయి. తర్వాత మోకాళ్ళు, తర్వాత నడుము. ఏరు నన్ను అటూ ఇటూ ఊపింది. నీళ్ళ మీద పొద్దు పగిలి ముక్కలుగా తేలుతోంది. పెట్టె వంచాను. వెదురు సందుల్లోంచి నీళ్ళు లోపలికి పోయాయి. దేవుడు తాగుతున్నట్టు చప్పుడైంది. వెనక డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. ముందు ఒకటి, తర్వాత అన్నీ.

తిరుగు దారి

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. తిరుగు దారిలో కట్టుబాట్లు లేవు. పెట్టె సీటు మీద కూర్చుంది. చలిగా ఉంది. అలవాటుగా చెయ్యి పోయి వెనక మీట తిప్పింది. గాలి వచ్చింది, ఒట్టి గాలి.

"అది ఇంక వెచ్చగా రాదు వదినా" అన్నాడు ఈరన్న అద్దంలో చూస్తూ. "తెలుసు కదా?"

"తెలుసు" అని మీట కట్టేశాను. మామ తన కంబళి సగం నా మోకాళ్ళ మీదికి తోశాడు.

మస్తాన్ కొట్టం దగ్గర ఆగి కొబ్బరి చిప్ప, బెల్లం ఇచ్చాం. ఓబులమ్మ కూడా వచ్చి చెయ్యి చాపింది.

"ముల్లు?" అన్నాడు మస్తాన్.

"సగంలోనే నిలిచిండాది" అన్నాడు ఈరన్న.

"దేవుడు?"

"పొద్దు ఉండంగానే నీళ్ళు చూసినాడు" అన్నాడు మామ.

"తాతా, ఆ మోకాళ్ళతో నువ్వెట్ల దించినావు ఏట్లోకి?"

మామ బెల్లం ముక్క నోట్లో వేసుకుని, గడ్డంతో నా వైపు చూపించాడు.

"నేనెక్కడ? అదో, ఆ సంగటి పోసినామె."